ఇంటర్ ఫెయిల్, పన్నెండేళ్ళ గ్యాప్. కమ్యూనిటీ కాలేజీలో చేర్చుకుంటారా?

ఇంటర్_దగ్గరే_ఆగింది (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. టెన్త్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్ ఎంపీసీ, సెకండియర్‌లో మేథ్స్ 2బి పోయింది. 75కి 26 వస్తే పాస్, నాకు 19. సప్లిమెంటరీకి ఫీజు కూడా కట్టాం. ఈలోపు అమెరికా సంబంధం వచ్చింది. పరీక్ష రోజున నేను పెళ్ళిపీటల మీద ఉన్నాను. పెళ్ళిలో అందరికీ "అమ్మాయి ఇంటర్ చదివింది" అని చెప్పారు. చదివిన మాట నిజమే కదా!

పన్నెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ హెచ్4 (ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా), మా ఆయన ఫైల్ పాతది కాబట్టి పోయినేడు గ్రీన్‌కార్డులు వచ్చాయి. పిల్లలిద్దరూ స్కూలుకి వెళ్తున్నారు. అకౌంటింగ్ నేర్చుకుని చిన్న ఉద్యోగమైనా చేయాలని ఉంది. ఇంటికి దగ్గరలో ఓలోనీ అనే కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీ) ఉంది. మొన్న రాత్రి అప్లికేషన్ తెరిచాను. పేరు, అడ్రస్ అన్నీ నింపాక "హైస్కూల్ డిప్లొమా" దగ్గరికి వచ్చేసరికి చేతులాడలేదు. ల్యాప్‌టాప్ మూసేశాను.

డిప్లొమా లేకపోతే అసలు చేర్చుకుంటారా? ముందు జీఈడీ (హైస్కూల్ డిప్లొమాకి సమానమైన పరీక్ష) రాయాలా? ఇంకో మాట, నేను ఫెయిలైన సంగతి మా ఆయనకు తెలుసు గానీ ఆయన ఫ్రెండ్స్ ఇళ్ళల్లో ఎవరికీ తెలీదు. అందుకే పేరు పెట్టకుండా రాస్తున్నాను.

గోంగూర_గ్యాంగ్ (శాన్ హోసే)

చేర్చుకోరండి. అమెరికాలో హైస్కూల్ డిప్లొమా లేనిదే ఏ కాలేజీ ముఖం చూడదు. మా కజిన్‌ని టెన్త్ మెమో నుంచి అన్నీ అడిగారు. ముందు జీఈడీ పాసవ్వండి, తర్వాతే మిగతావి.

కౌంటర్_అక్క (బే ఏరియా)

గోంగూర గారూ, మీ కజిన్‌ని అడిగింది యూనివర్సిటీ అయి ఉంటుంది. తెలియని విషయం అంత గట్టిగా చెప్పకండి, పాపం ఆవిడ మళ్ళీ ల్యాప్‌టాప్ మూసేస్తుంది.

చెల్లీ, నేను ఇక్కడే ఒక కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్స్ కౌంటర్‌లో పని చేస్తాను. ఈ ప్రశ్న మాకు రోజూ వస్తుంది, అదీ గొంతు బాగా తగ్గించి. కాలిఫోర్నియాలో 18 నిండినవాళ్ళకి డిప్లొమా లేకపోయినా కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్ ఇస్తారు. చదివితే ఉపయోగపడుతుంది అనుకున్న ఎవరినైనా చేర్చుకోవాలని 1960లో రాష్ట్రం వేసుకున్న మాస్టర్ ప్లాన్‌లోనే ఉంది. ఇలాంటి కాలేజీలు ఇప్పుడు 116 ఉన్నాయి. మీ ఓలోనీ కూడా అందులో ఒకటి.

మీరు ఆగిపోయిన చోటు గురించి చెప్తాను. హైస్కూల్ సంగతి అడిగే దగ్గర ఒక లిస్టు తెరుచుకుంటుంది. డిప్లొమా ఉంది, జీఈడీ లాంటిది పాసయ్యాను, విదేశీ హైస్కూల్ డిప్లొమా ఉంది, ఇలా వరసగా ఉంటాయి. "డిప్లొమా లేదు, ఇప్పుడు హైస్కూల్లో చదవడం లేదు" అనే అర్థం వచ్చేది కూడా ఒకటి ఉంటుంది. అది నొక్కండి. మనవాళ్ళు "విదేశీ" అన్న మాట కనబడగానే ఠక్కున దాన్ని నొక్కేస్తారు. ఫెయిలైన ఇంటర్ డిప్లొమా కిందకి రాదు. రేపెవరైనా ఆ కాగితం చూపించమంటే ఇరుక్కుపోతారు. ఉన్నది ఉన్నట్టు నొక్కితే అడిగేవాడు లేడు.

ప్లేస్‌మెంట్ పరీక్ష (ఏ స్థాయి క్లాసులో వేయాలో తేల్చేది) అంటారేమో అని భయపడకండి. 2017లో ఏబీ 705 అనే చట్టం వచ్చాక ఇక్కడ ఆ పరీక్షలు దాదాపు పోయాయి. హైస్కూల్ మార్కులు లేనివాళ్ళకి తమ స్థాయి తామే చూసుకునేలా కొన్ని ప్రశ్నలు ఇస్తారు, కౌన్సెలర్‌తో మాట్లాడిస్తారు.

ఇంటర్_దగ్గరే_ఆగింది

అక్కా, ఇది మూడుసార్లు చదివాను. మరి ఫీజు?

కౌంటర్_అక్క

రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్ళకి యూనిట్‌కి (అంటే ఒక క్రెడిట్‌కి) 46 డాలర్లు. 4 యూనిట్ల క్లాసైతే 184. పుస్తకాలు, చిల్లర ఫీజులు వేరే. నాన్‌క్రెడిట్ (డిగ్రీ లెక్కలోకి రాని) క్లాసులకైతే ట్యూషన్ ఫీజే లేదు. ఇంగ్లీషు, జీఈడీ ప్రిపరేషన్ లాంటివి అందులో దొరుకుతాయి. అడల్ట్ స్కూలు ఫ్రీమాంట్‌లోనే ఉంది, అక్కడా కనుక్కోండి.

హెచ్4 మీద ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతుంటారని రాస్తున్నా. హెచ్4 మీద చదువుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఏడాదికి పైగా స్థిరంగా ఉన్నట్టు చూపిస్తే రెసిడెంట్ ఫీజు కూడా వస్తుంది. ఫెడరల్ సాయం మాత్రం రాదు. మా కౌంటర్ దగ్గర హెచ్4 ఆడవాళ్ళు "మాకు అర్హత లేదు కదా" అంటూనే మాట మొదలుపెడతారు. ఎవరు చెప్తారో ఏమో ఇవన్నీ!

పాతకాపు (ప్రస్తుతం మా అమ్మాయి ఇంట్లో, ఫ్రిస్కో)

అమ్మా, చేర్చుకుంటారన్నది మంచి మాటే. కానీ ఒక ముసలివాడి అనుభవం కూడా విను.

1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పుడు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నారు చూడు, అదే. ఇంటర్ లేకపోయినా ఎలిజిబిలిటీ టెస్టు రాస్తే డిగ్రీలో చేరనిచ్చేవారు. నేను టెన్త్‌తో గుమాస్తాగా చేరినవాణ్ణి. పగలు ఆఫీసు, ఆదివారం స్టడీ సెంటరు, అలా బి.ఏ. పాసయ్యాను. ఊళ్ళో మా నాన్న అందరికీ మిఠాయి పంచాడు.

పదేళ్ళ తర్వాత ప్రమోషన్ల లిస్టు వచ్చింది. "డిగ్రీ ఉంది సరే, ఇంటర్ సర్టిఫికెట్ ఏదీ?" అన్నారు ఆఫీసులో. టెన్త్ ఉంది, డిగ్రీ ఉంది, మధ్యలో మెట్టు లేదు. మూడేళ్ళు ఫైలు పట్టుకుని తిరిగాను. నేను పని నేర్పించిన కుర్రాడే నాకు ఆఫీసరయ్యాడు. చదువు తక్కువై కాదమ్మా, మధ్యలో ఒక కాగితం లేక.

అందుకని కాలేజీ అడగకపోయినా ఆ జీఈడీ ఏదో రాసి పక్కన పెట్టుకో. ఎప్పుడు ఎవడు అడుగుతాడో చెప్పలేం.

నరసరావుపేట_నవీన్ (చికాగో)

ఇంత దూరం ఎందుకు, ఇండియా వెళ్ళి ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేసి రావచ్చుగా? ఎన్ఐఓఎస్ అనే కేంద్ర ఓపెన్ స్కూల్లో అయితే పాత బోర్డులో పాసైన సబ్జెక్టులు రెండింటి వరకు మార్కులు కలుపుతారు. ఇంటర్ పాసైతే ఇక్కడ ఎవాల్యుయేషన్‌లో (విదేశీ సర్టిఫికెట్లు ఇక్కడ దేనికి సమానమో తేల్చేది) హైస్కూలుతో సమానంగా చూస్తారు.

ఇంటర్_దగ్గరే_ఆగింది

పిల్లల్ని వదిలి పరీక్షలకని వెళ్తే మా అత్తగారు ఊరంతా చెప్తుందండి. ఆ దారి వద్దు 🙂

లెక్కలంటే_భయం (ఒహాయో)

ఇక నేను మాట్లాడాలి. నా పేరు చూశారుగా. టెన్త్ తర్వాత చదువు మానేసి పదిహేనేళ్ళ గ్యాప్‌తో జీఈడీ పాసయ్యాను. కాబట్టి భయపడాల్సింది ఎక్కడో, అక్కర్లేనిది ఎక్కడో చెప్తాను.

నాలుగు పేపర్లు: లెక్కలు, ఇంగ్లీషు, సైన్స్, సోషల్. నాలుగూ ఒకేరోజు రాయక్కర్లేదు. నేను నెలకొకటి చొప్పున రాశాను. మార్కులు 100 నుంచి 200 మధ్య వేస్తారు, ఒక్కో పేపర్లో 145 వస్తే పాస్. నాకు మొదట అర్థం కాలేదు, 200కి 145 అంటే డిస్టింక్షన్ కదా అని గుండె జారిపోయింది. అది శాతం కాదు, వాళ్ళ స్కేలు అంతే.

లెక్కల పేపర్లో మొదటి 5 ప్రశ్నలకే కాలిక్యులేటర్ ఉండదు. మిగతా అన్నిటికీ ఉంటుంది! మనకి ఇంటర్‌లో కాలిక్యులేటర్ ముట్టుకోనిచ్చారా? ఇంకా వినండి, మీరు ఫెయిలైన 2బిలో ఉండే ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఇందులో లేనే లేవు. భిన్నాలు, శాతాలు, వైశాల్యాలు, గ్రాఫ్ మీద గీత వాలు, వర్గ సమీకరణాలు. మీ టెన్త్ లెక్కలు గుర్తుంటే చాలు.

నన్ను చావగొట్టింది సోషల్. సగం ప్రశ్నలు ఇక్కడి రాజ్యాంగం, ప్రభుత్వం మీదే. సివిల్ వార్ అంటే నాకు పల్నాటి యుద్ధం తప్ప ఏం తెలుసు? మా అబ్బాయి ఎనిమిదో క్లాసు పుస్తకం తెచ్చుకుని చదివాను. వాడు రాత్రిళ్ళు పక్కన కూర్చుని "అమ్మా, సెనేట్‌లో ఎంతమంది?" అని అడిగేవాడు. తప్పు చెప్తే వాడి ముందు చెవులు పట్టుకోమనేవాడు, వెధవ.

ఇంగ్లీషు పేపర్లో 45 నిమిషాల వ్యాసం ఒకటి ఉంటుంది. రెండు వాదనలు ఇచ్చి, ఏది బలంగా ఉందో ఎందుకో రాయమంటారు. మన అభిప్రాయం అడగరు. నేను ప్రాక్టీసులో మొత్తం నా అభిప్రాయం రాసి పడేశాను, మా ట్యూటర్ నవ్వి మొదటినుంచీ రాయించింది.

కూరగాయల_కౌంటర్ (ఎడిసన్, న్యూజెర్సీ)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది టెన్త్ మాత్రమే. మా ఆయనతో విడిపోయి మూడేళ్ళు. ఇండియన్ స్టోర్‌లో బిల్లింగ్ చేస్తాను, పాపకి తొమ్మిదేళ్ళు. గ్రీన్‌కార్డు ఉంది. నర్సింగ్ చేయాలని చాలా ఉంది. ఈ తలుపు నాకూ తీసి ఉంటుందా? ఫీజు మాత్రం కట్టుకోలేను.

ఫాఫ్సా_పంతులు (సియాటిల్)

ఇప్పుడు అసలు విషయం వచ్చింది. చేర్చుకుంటారా అన్నది ఒక ప్రశ్న, డబ్బు ఎవరు కడతారన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు ఒకటి కాదు.

ఫెడరల్ సాయం అంటే పెల్ గ్రాంట్ (ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేదు), విద్యార్థి రుణాలు వగైరా. కాలేజీ చేర్చుకున్నా సరే, ఈ డబ్బు రావాలంటే డిప్లొమా గానీ జీఈడీ లాంటి సమానమైనది గానీ ఉండాలి. పూర్వం ఒక పరీక్ష పాసైతేనో, 6 క్రెడిట్లు పూర్తి చేస్తేనో ఇచ్చేవాళ్ళు, దాన్నే "ఎబిలిటీ టు బెనిఫిట్" అంటారు. 2012 జులై 1 నుంచి కొత్తగా చేరేవాళ్ళకి ఆ దారి మూసేశారు. రెండేళ్ళకి కొంచెం తెరిచారు, అదీ "కెరీర్ పాత్‌వే" అనే ప్రోగ్రాముల్లో (ఉద్యోగ శిక్షణా, హైస్కూల్ స్థాయి చదువూ కలిపి సాగేవి) చేరినవాళ్ళకే. మీ కాలేజీలో అలాంటిది ఉందో లేదో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ఈ మాటే పెట్టి అడగండి. "డిప్లొమా లేకుండా సాయం వస్తుందా?" అని అడిగితే "రాదు" అని పంపేస్తారు. "ఎబిలిటీ టు బెనిఫిట్, కెరీర్ పాత్‌వే ఉన్నాయా?" అని అడిగితే వేరే మనిషిని పిలుస్తారు.

ఎడిసన్ చెల్లెమ్మకి నా సలహా ఒకటే: ముందు జీఈడీ. మీకు పెల్ కావాలి, పైగా నర్సింగ్ ప్రోగ్రాముల్లో డిప్లొమానో జీఈడీనో మామూలుగా అడుగుతారు. రెండింటికీ ఒకే తాళంచెవి. న్యూజెర్సీలో 30 జనరల్ ఎడ్యుకేషన్ క్రెడిట్లు కాలేజీలో పూర్తి చేస్తే రాష్ట్రమే హైస్కూల్ డిప్లొమా ఇచ్చే పద్ధతి ఒకటుంది (న్యూయార్క్‌లో 24). కానీ ఆ క్రెడిట్లకి జేబులోంచి కట్టాలి కదా, మీకు అది కుదరదు.

ఫ్రీమాంట్ చెల్లెమ్మా, మీ సంగతి తిరగబడి ఉంది. ఏమీ అనుకోకపోతే ఒకటి అడగనా, మీ ఆయన సాఫ్ట్‌వేరా?

ఇంటర్_దగ్గరే_ఆగింది

అవునండి.

ఫాఫ్సా_పంతులు

అయితే ఆయన జీతం చూసి పెల్ ఎలాగూ ఇవ్వరు. జీఈడీ ఉన్నా ఇవ్వరు, లేకపోయినా ఇవ్వరు. జీఈడీ కోసం మీరు ఆగడం వల్ల మీకు కలిసొచ్చేది ఏమీ లేదు. 184 డాలర్లు కట్టి రేపే క్లాసులో కూర్చోవచ్చు. పాతకాపు గారు చెప్పిన జీఈడీ కాగితం సంగతి క్లాసులతో పాటే పక్కన చూసుకోండి.

గోంగూర_గ్యాంగ్

సరే, నేను చెప్పింది తప్పే. ఒప్పుకుంటున్నా. కానీ పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలంటే అప్పుడైనా హైస్కూల్ అడగరా?

కౌంటర్_అక్క

కాలిఫోర్నియాలో ట్రాన్స్‌ఫర్ చేసే యూనిట్లు 60 పూర్తి చేసి మూడో సంవత్సరంలోకి వెళ్తే యూసీలైనా, సీఎస్‌యూలైనా (రెండూ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలే) చూసేది కాలేజీ మార్కులే. ఏ క్లాసు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ అనే సైట్‌లో చూసుకోవచ్చు. కానీ వేరే రాష్ట్రం వెళ్ళినా, లైసెన్సు ఉన్న ఉద్యోగాలకి వెళ్ళినా పెద్దాయన మాట నిజమవుతుంది. ఉదాహరణకి ఇక్కడ ఎల్‌వీఎన్ నర్సు లైసెన్సుకి పన్నెండో తరగతో, దానికి సమానమైనదో ఉండాల్సిందే.

డాలస్_డాడీ

మా అబ్బాయికి 17. రెండు నెలలుగా స్కూలుకి వెళ్ళనంటున్నాడు. గట్టిగా అంటే గది తలుపు వేసుకుంటాడు. స్కూలు మాన్పించి నేరుగా కమ్యూనిటీ కాలేజీలో వేసేయొచ్చా? చుట్టాలందరూ ఫోన్ చేసి ర్యాంకులు అడుగుతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పాతకాపు

బాబూ, చుట్టాల ఫోన్లు ఎత్తకు. అది ముందు.

ఫాఫ్సా_పంతులు

టెక్సస్‌లో 19 వచ్చేదాకా బడికి వెళ్ళాలని చట్టం. ఊరికే మాన్పిస్తే మీకు నోటీసు వస్తుంది. 17 దాటినవాళ్ళు తల్లిదండ్రుల అనుమతితో జీఈడీ లాంటి పరీక్షకి తయారుచేసే కోర్సులో చేరితే మినహాయింపు ఉంది. పరీక్ష కూడా 17కి మీ సంతకంతో రాయొచ్చు. అది పాసయ్యాక కాలేజీ సులువు. కానీ ముందు స్కూలు కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. వాడు చదువుకి భయపడుతున్నాడా, అక్కడ ఎవరైనా పిల్లలకి భయపడుతున్నాడా అన్నది తేలకుండా కాలేజీ మార్చి లాభం లేదు.

డాలస్_డాడీ

రెండోది మేము అడగనే లేదండి. థాంక్స్.

త్వరగా_డిప్లొమా

ఇన్ని తిప్పలు ఎందుకు? ఆన్‌లైన్‌లో వారంలో హైస్కూల్ డిప్లొమా ఇచ్చే స్కూలు ఉంది. నేను మెసేజ్ చేస్తాను, లింకు...

మోడరేటర్

లింకు తీసేశాం. సభ్యులకి మనవి: వారంలోనో, ఇంట్లో కూర్చుని ఒక్క పరీక్షతోనో డిప్లొమా అంటే డబ్బు పోయినట్టే. అలాంటి కాగితాన్ని కాలేజీలు తిప్పి పంపుతాయి.

కూరగాయల_కౌంటర్

మోడరేటర్ గారూ, మా స్టోర్‌లో అలాంటి సైట్ మీదే ఒకావిడ రెండు వందల డాలర్లకి పైగా పోగొట్టుకుంది. నేనూ కట్టబోయాను. ఈ మెసేజ్ ముందే చూసుంటే ఆవిడకీ చెప్పేదాన్ని.

(మూడు వారాల తర్వాత)

ఇంటర్_దగ్గరే_ఆగింది

అందరికీ ఒకసారి చెప్పాలనిపించింది. అప్లికేషన్ పంపాను. అక్క చెప్పిన లైను నొక్కడానికి పది నిమిషాలు పట్టింది. మా ఆయన వెనక నిలబడి "నొక్కు, కరవదు" అన్నాడు.

ఒక అనుమానం ఉండి కాలేజీకి వెళ్ళాను. కౌంటర్‌లో ఇరవై ఏళ్ళ పిల్ల, చూయింగ్ గమ్ నములుతూ కూర్చుంది. నేను దార్లో కారులో నాలుగుసార్లు ప్రాక్టీసు చేసుకున్న ఇంగ్లీషులో "నాకు డిప్లొమా లేదు" అన్నాను. ఆ పిల్ల తలెత్తలేదు. "స్టూడెంట్ నంబర్ చెప్పండి" అంది. అంతే. పన్నెండేళ్ళు మోసుకు తిరిగిన మాటకి అంత తక్కువ సమయం పట్టింది.

సాయంత్రం అకౌంటింగ్ క్లాసు ఒకటి తీసుకున్నాను. జీఈడీ ప్రాక్టీసు టెస్టు లెక్కలది కూడా రాశాను. 152 వచ్చింది. స్క్రీన్ మీద ఆ అంకె చూసి మా అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ తెల్లవారుజాము అని మర్చిపోయి. ఎవరికి ఏమైందో అని ఆవిడ హడలిపోయింది. "లెక్కల్లో పాసయ్యానమ్మా" అంటే, "ఏ లెక్కలే?" అంది.

లెక్కలంటే_భయం

152! ఇక సోషల్‌కి రండి, అక్కడ చూసుకుందాం.

కూరగాయల_కౌంటర్

నేనూ జీఈడీ క్లాసులకి పేరు రాయించుకున్నాను, వారానికి రెండు సాయంత్రాలు. మా ఓనర్‌కి చెప్తే ఆ రెండు రోజులు పొద్దున షిఫ్టుకి మార్చాడు. పాప తన పెన్సిల్ పౌచ్ ఒకటి ఇచ్చింది, యూనికార్న్ బొమ్మది. సోషల్ పుస్తకం తెరిస్తే మాత్రం రెండో పేజీకే నిద్ర వస్తోంది. ఒహాయో అక్కా, మీ అబ్బాయిని ఒక నెల అద్దెకి ఇస్తారా?

ఇంటర్_దగ్గరే_ఆగింది

ఎడిసన్ అక్కా, మీరు రాస్తే నేనూ రాస్తాను, కలిసి చదువుదాం. కౌంటర్ అక్కా, ఇంకో విషయం, సోమవారం 6:30కి నా మొదటి క్లాసు. పార్కింగ్ పర్మిట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలా, అక్కడ మెషిన్‌లో కొనుక్కోవచ్చా?

కౌంటర్_అక్క

ఆన్‌లైన్‌లో తీసుకో. మొదటి రోజు ఆ మెషిన్ ముందు లైన్లో నిలబడితే క్లాసు సగమైపోతుంది.